కామెర్లు దిగితే కార్జం బాగుపడ్డట్టేనా?



వానలు మొదలయ్యాయంటే మన పద్మానగర్, కామత్‌ఘర్ గల్లీల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. "ఫలానాయనకు కామెర్లు అయినయట, మందుకు ఊరికి పోయిండు." ఊరంటే సిరిసిల్ల పక్క పల్లె కావచ్చు, వరంగల్ పక్కది కావచ్చు, నల్లగొండ జిల్లాది కావచ్చు. అక్కడ పసరు పోసే ఆయన ఉంటాడు. మూడు పూటలు పసరు తాగించి, ఉప్పు, కారం, నూనె మాన్పించి, చప్పిడి పత్యం చెప్పి పంపుతాడు. కొందరు చేతి మీద వాత కూడా పెట్టించుకుని వస్తారు. ఇరవై రోజులు సాంచా బంద్, కూలి బంద్, బస్సు కిరాయి వేరే. అయినా కళ్లు తెల్లబడ్డాయి కదా, గండం గడిచింది కదా అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

ఈ వారం నేను చెప్పదలచింది ఆ సంతోషం గురించే. కళ్లలో పసుపు దిగడం వేరు, కార్జం బాగుపడడం వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్ల మనవాళ్లు రెండు వైపులా నష్టపోతున్నారు. దానంతట అదే తగ్గే జబ్బుకు డబ్బూ రోజులూ పోస్తున్నారు. దానంతట అది తగ్గని జబ్బునేమో, కళ్లు పచ్చబడలేదు కదా అని పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టించుకోవడం లేదు. నేను యూనానీ వైద్యుణ్ణి, మూలికలు నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. మూలికలంటే గిట్టనివాడి మాటగా దీన్ని తీసుకోవద్దని ముందే మనవి.

మొదట వానాకాలపు కామెర్ల సంగతి. వీటిలో ఎక్కువ భాగం నీళ్ల వల్ల వచ్చేవి. మురుగు కలిసిన తాగునీటి ద్వారా హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అనే వైరసులు కడుపులోకి చేరతాయి. కుళాయి రోజంతా రాని ఊళ్లలో, పైపు ఖాళీగా ఉన్న వేళ పగుళ్లగుండా పక్క మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. నీళ్లు వదలగానే ఆ మురుగే ముందు బిందెలోకి వస్తుంది. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీ నగరంలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. యమున నీటిని శుద్ధి చేసే చోటికి మురుగు చేరడమే కారణం. దాచి ఉంచిన అప్పటి రక్త నమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్ ఎ కాదని తేలింది. తర్వాత దానికే హెపటైటిస్ ఇ అని పేరు పెట్టారు.

ఈ రెండు రకాలూ ఆరోగ్యంగా ఉన్న మనిషిలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు పోసినా తగ్గుతాయి, నా దవాఖానాలో అర్ఖె కాస్నీ తాగినా తగ్గుతాయి, ఏమీ తాగకుండా ఇంట్లో పడుకున్నా తగ్గుతాయి. కార్జం తన పని తాను చేసుకుంటుంది, పేరు మాత్రం అప్పుడు ఎవరి మందు నడుస్తోందో వారికి వస్తుంది. మా హకీములకు కూడా ఇలా వచ్చిన పేరు తక్కువేమీ కాదు.

ఇక చేతులు సున్నపు నీళ్లలో పెట్టించి "చూడు, కామెర్లు దిగుతున్నాయి" అని పసుపు నీళ్లు చూపేవారున్నారు. ముందే చేతికి రాసిన చెట్టు బెరడు రసం సున్నంతో కలిస్తే ఆ రంగు వస్తుంది. పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రటి పారాణి అవుతుంది కదా, అలాంటిదే. మెడలో వేసే కామెర్ల దండ రోజురోజుకూ పొడుగవడానికీ కారణం ఉంది. పచ్చి పుల్లలు ఎండి సన్నబడేకొద్దీ ముడులు వదులవుతాయి. ఆ దండను గోడకున్న మేకుకు తగిలించినా పొడుగవుతుంది.

తగ్గిపోయేదే కదా అని అందరూ ధీమాగా ఉండడానికి మాత్రం వీల్లేదు. గర్భిణికి, ముఖ్యంగా ఏడో నెల తర్వాత, హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాపాయం. అలాంటివారిలో నూటికి ఇరవై మంది దాకా చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మన ఇళ్లల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లకు కళ్లు పచ్చబడితే ఊరి బస్సు ఎక్కించకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అలాగే ఎవరికైనా సరే, కామెర్లతో పాటు మాట తడబడినా, మగతగా పడివున్నా, ముక్కులోంచి చిగుళ్లలోంచి నెత్తురు వచ్చినా, అది కార్జం చేతులెత్తేస్తున్న గుర్తు. అప్పుడు పసరూ వద్దు, షర్బతూ వద్దు, నా దవాఖానా కూడా వద్దు.

అసలు దెబ్బ తగిలినప్పుడు కార్జం ఏం చేస్తుందో చూద్దాం. మా తిబ్బులో గుండె, మెదడుతో పాటు జిగర్‌ను రాజ అవయవాల్లో ఒకటిగా లెక్కిస్తారు. తిన్నది రక్తంగా మారేది అక్కడేనని పూర్వులు నమ్మారు. ఆ మాట అక్షరాలా నిలవలేదు గానీ, పేగుల నుంచి తిండి సారం మోసుకొచ్చే పెద్ద నరానికి వారు పెట్టిన పేరు మాత్రం చక్కగా ఉంది. బాబుల్ కబిద్ అన్నారు, అంటే కార్జపు దర్వాజా. ఇవాళ్టి డాక్టర్లు దాన్ని పోర్టల్ వెయిన్ అంటారు. ఆ లాటిన్ మాటకూ అర్థం దర్వాజాయే. కార్జం బరువు కిలోన్నరకు కాస్త అటూ ఇటూ. దాని గుండా నిమిషానికి సుమారు లీటరున్నర నెత్తురు పారుతుంది, అందులో ముప్పాతిక వంతు ఈ దర్వాజాలోంచే వస్తుంది. పేగులు పీల్చుకున్న తిండి సారం, సారా, మింగిన మాత్రలు చాలావరకు మొదట ఈ గడప దాటాల్సిందే.

మిగతా అవయవాలకు లేని ఒక గుణం దీనికి ఉంది. కోస్తే మళ్లీ పెరుగుతుంది. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల కార్జంలో మూడింట రెండు వంతులు తీసేసి చూపించారు. పది రోజుల్లోపే అది దాదాపు మళ్లీ అంతయింది. మనిషిలోనూ అంతే. కొడుకు తండ్రికి కార్జంలో సగానికి పైగా కోసి ఇచ్చినా, ఇద్దరిలోనూ కొన్ని నెలల్లో అది దాదాపు సరిపోయేంత పెరుగుతుంది. ఒక్కసారి తగిలిన దెబ్బను కార్జం మంచి రఫూగాడిలా కుడుతుంది. చచ్చిన కణాలను ఊడ్చి పారేస్తుంది, పక్క కణాలు రెండుగా విడి ఖాళీ నింపుతాయి. చిరిగిన చోటు ఎక్కడో తర్వాత వెతికినా దొరకదు. వానాకాలపు కామెర్లు తగ్గాక చాలామందిలో జరిగేది ఇదే.

దెబ్బ రోజూ తగులుతుంటే మాత్రం రఫూకు తీరిక ఉండదు. అప్పుడు మాసికలు పడతాయి. కార్జంలో నక్షత్రం ఆకారంలో ఉండే కొన్ని కణాలున్నాయి, కుఫర్ అనే జర్మన్ వైద్యుడు 1876లో వాటిని గుర్తించాడు. మామూలు రోజుల్లో విటమిన్ ఎ దాచుకోవడం వాటి పని. కార్జానికి పదేపదే దెబ్బ తగిలితే అవి ఆ పని వదిలి నారపోగులు వడకడం మొదలుపెడతాయి. మొదట్లో ఆ నార గాయాన్ని కాపాడేందుకే. ఏళ్ల తరబడి సాగితే ఒక మచ్చ మరో మచ్చను కలుపుకుని పట్టీలవుతాయి. పట్టీల మధ్య మిగిలిన మంచి కండ గడ్డలు గడ్డలుగా ఉబ్బుతుంది. మెత్తగా ఉండాల్సిన కార్జం రాయిలా గట్టిపడుతుంది. కామెర్ల రోగిలో కార్జం గట్టిపడడం చెడ్డ గుర్తని బుఖ్రాత్ ఏనాడో హెచ్చరించాడు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లేనెక్ 1819లో దీనికి సిర్రోసిస్ అని పేరు పెట్టాడు. గడ్డల గోధుమ పసుపు రంగును బట్టి గ్రీకు మాట నుంచి తీసిన పేరు అది.

ఇందులో మోసమేమిటంటే, ఇంత జరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు. కార్జం కండలో నొప్పి తెలిపే నరాలు లేవు. మిగిలిన కొంచెం మంచి కండతోనే అది సంసారం నెట్టుకొస్తుంది. కళ్లు తెల్లగానే ఉంటాయి, ఆకలి వేస్తుంది, పన్నెండు గంటల షిఫ్టు నడుస్తుంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ కూడా మామూలుగా రావచ్చు.

కొన్నేళ్ల కింద ఒక చెల్లెమ్మ నా దగ్గరికి వచ్చింది. భర్తకు నలభై అయిదేళ్లు, ఇరవయ్యేళ్లుగా రాత్రి షిఫ్టు సాంచాలు నడుపుతున్నాడు. ఒకరాత్రి బీము ఎత్తి కూర్చున్నవాడు గిన్నెడు నెత్తురు కక్కాడు. ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి, ఉబ్బిన నరాలకు బ్యాండ్లు వేసి ప్రాణం నిలబెట్టారు. ఆమె ఒకటే మాట అడిగింది. "మా ఆయనకు ఎన్నడు కామెర్లు గాలే హకీంసాబ్. కన్ను పచ్చవడంగ నేనైతే సూడలే. కార్జం ఎట్ల ఖరాబైతది?"

"కామెర్లు గాలేదు బిడ్డా, అందుకే ఎవలూ సూడలే" అన్నాను.

అతనికి పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చిన హెపటైటిస్ బి ఉంది, దాని మీద రోజూ ఒక క్వార్టరు. ఇప్పుడు తాగుడు మానేశాడు, మాత్రలు వేసుకుంటున్నాడు, సాంచాలు వదిలి కండెలు చుట్టే పనిలో ఉన్నాడు.

నెత్తురు ఎందుకు కక్కాడు? దర్వాజా మూసుకుంది కాబట్టి. మచ్చలతో గట్టిపడ్డ కార్జంలోకి నెత్తురు సులువుగా దూరదు. వెనక పీడనం పెరిగి, నెత్తురు పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక అడుగున ఉన్న సన్నటి నరాలు ఉబ్బి ఒకనాడు పగులుతాయి. ప్లీహం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. పీడనం ఒకవైపు, కార్జం తయారు చేయాల్సిన ఆల్బుమిన్ తగ్గడం మరోవైపు, శరీరం ఉప్పూ నీళ్లూ పట్టివుంచుకోవడం ఇంకోవైపు. ఇవన్నీ కలిసి పొట్టలోకి నీళ్లు దిగుతాయి. మా పుస్తకాల్లో దీన్ని ఇస్తిస్ఖా అంటారు. నీళ్లు నింపిన తోలు తిత్తిలా పొట్ట ఊగేదాన్ని ఇస్తిస్ఖాయె జిఖ్ఖీ అన్నారు. మన పల్లెల్లో జలోదరం. ఆపైన పేగుల్లో పుట్టిన అమ్మోనియా వంటి విషాలు కార్జంలో శుద్ధి కాకుండా మెదడుకు చేరతాయి. రాత్రి నిద్ర పట్టదు, పగలు జోగుతుంటాడు. లెక్కలు తప్పుతాడు. చేతులు ముందుకు చాచమంటే పక్షి రెక్కల్లా అల్లాడతాయి. రాత్రి షిఫ్టు చేసేవారిలో ఈ నిద్ర తారుమారును ఎవరూ జబ్బుగా గుర్తించరు, షిఫ్టు వల్లే అనుకుంటారు. ఇంటివారు కాస్త కనిపెట్టి చూడాలి. ఇలాంటివారికి మలబద్ధకం రానివ్వకూడదు. డాక్టర్లు ఇచ్చే లాక్టులోజ్ అనే తియ్యటి మందు అందుకే. విరేచనాలవుతున్నాయని దాన్ని మానేసి మళ్లీ మత్తులోకి పోయినవారున్నారు.

పొట్టలో నీళ్లు చేరని దశలో పట్టుకుంటే సిర్రోసిస్ మనిషి పదేళ్లకు పైగా బతకడం మామూలే. నీళ్లు చేరాక, నెత్తురు కక్కాక, ఆ లెక్క చాలామందిలో రెండు మూడేళ్లకు పడిపోతుంది. ఆ దశలో నిజమైన దారి కార్జం మార్పిడి, అది లక్షల మాట. అందుకే పొట్ట ఉబ్బాక "హకీంసాబ్, ఏదన్న మందియ్యి" అని వచ్చేవారిని చూస్తే నాకు బాధ కన్నా కోపం ఎక్కువ వస్తుంది. వారి మీద కాదు, కళ్లు తెల్లగా ఉన్నంత కాలం అంతా బాగేనని వారికి నేర్పినవారి మీద.

ఇక్కడ ఒక మంచి కబురు కూడా చెప్పాలి. మచ్చ పడితే ఇక అంతేనని నేను చదువుకునే రోజుల్లో చెప్పేవారు. అది పూర్తిగా నిజం కాదని తేలింది. దెబ్బ కొట్టే చెయ్యి ఆగితే, నార వడికే కణాలు సద్దుమణుగుతాయి, పేరుకున్న నారను కార్జం మెల్లగా కరిగించుకుంటుంది. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూడండి. హెపటైటిస్ బి వల్ల సిర్రోసిస్ వచ్చిన 96 మందికి అయిదేళ్లు టెనోఫోవిర్ మాత్ర ఇచ్చి, కార్జం ముక్క తీసి మళ్లీ పరీక్షించారు. 71 మందిలో సిర్రోసిస్ అన్నంతటి మచ్చ లేదు. మాత్ర నేరుగా మచ్చను కరిగించలేదు, వైరసును అణచింది. మిగతాది కార్జమే చేసుకుంది. హెపటైటిస్ సి అయితే మరీ తేలిక, చాలామందికి 12 వారాల మాత్రలతో నూటికి 95 పాళ్లు పూర్తిగా పోతుంది. తాగుడు వల్ల వచ్చినదానికి మందు, తాగుడు మానడమే. రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు గనుక డాక్టరు కనుసన్నల్లో మానాలి.

క్వార్టరు లెక్క కూడా చెబుతాను. 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల అచ్చమైన ఆల్కహాలు ఉంటుంది. రోజూ అంత పడుతుంటే ఏళ్లు గడిచేకొద్దీ మచ్చకు బాట వేసినట్టే. ఆడవారికి ఇంకా తక్కువే చాలు. తాగేవారందరికీ సిర్రోసిస్ రాదు, మాట నిజమే. "మా తాత తాగి ఎనభై ఏళ్లు బతికిండు" అనేవారు ప్రతి గల్లీలో ఉంటారు. ముప్పై అయిదుకే పోయిన తాతమ్ముడి పేరు ఎవరూ ఎత్తరు. నొప్పులకు క్వార్టరుతో పాటు పారాసిటమాల్ గోళీలు రెండేసి, మూడేసి మింగే అలవాటు మన కార్ఖానాల్లో ఉంది. రోజూ తాగేవారిలో ఈ గోళీ మామూలు మోతాదు దాటితే కార్జం కొన్ని రోజుల్లోనే కూలిపోవచ్చు. ఎక్కువ మింగారని తెలిస్తే, మనిషి బాగానే కనబడుతున్నా, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. దానికి విరుగుడు ఉంది, మొదటి ఎనిమిది గంటల్లో బాగా పనిచేస్తుంది. ఎలుకల మందు పేస్టు పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఇదే మాట. ఒకటి రెండు రోజులు ఆడుకుంటూనే ఉంటారు, తర్వాత కార్జం పోతుంది.

చుక్క ముట్టనివారికి కూడా మచ్చ పడుతుంది. కార్ఖానా గద్దె మీద కూర్చుని, రోజుకు పది కప్పుల తియ్యటి చాయ్ తాగి, షుగరూ పొట్టా పెంచుకున్న సేట్లలో కొవ్వు పట్టిన కార్జం ఎక్కువ. ఈ సంగతి ఇంకో వారం విడిగా రాస్తాను.

హెపటైటిస్ బి గురించి మనవాళ్లకు ఉన్న భయం ఒకటి, అజాగ్రత్త ఒకటి, రెండూ తలకిందులుగా ఉన్నాయి. ఒకే బిస్సీలో తిన్నందుకు, ఒకే గ్లాసులో తాగినందుకు ఇది అంటదు. ఈ జబ్బు ఉందని తెలిసి ఒకతన్ని బిస్సీలోంచి పంపేశారని విన్నాను, అది అన్యాయం. అంటేది నెత్తురు ద్వారా, సంభోగం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు. అంటే ఒకే బ్లేడుతో పదిమందికి గడ్డం గీసే చోట, ఒకే సూదితో పచ్చబొట్టు పొడిచే జాతరలో, కడగని సూది వాడే దగ్గర జాగ్రత్త కావాలి. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి తొంభై అయిదు మందిలో పోతుంది. పుట్టినప్పుడే తల్లి నుంచి అంటితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా.

ఆ టీకా విషయంలో మన తెలుగువారికి గర్వించదగ్గ సంగతి ఉంది. కె.ఐ.వరప్రసాద రెడ్డి గారు 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో ఆ సంస్థ షాన్‌వాక్-బి పేరుతో దేశీయంగా తయారైన మొదటి జన్యు సాంకేతిక హెపటైటిస్ బి టీకాను బజారులోకి తెచ్చింది. అంతకుముందు విదేశీ టీకా ధర సాంచా కార్మికుడికి అందేది కాదు. ఇవాళ అది సర్కారు దవాఖానాల్లో పసిపిల్లలందరికీ ఉచితం. ఊర్లో కాన్పు చేయించి బిడ్డతో భివండీ వచ్చే తల్లులు టీకా కార్డు ఊర్లోనే మరచి వస్తున్నారు. పుట్టినప్పటి టీకా తర్వాత 6, 10, 14 వారాలకు మిగతావి పడాలి.

ఇక మా మందుల మాట. కాస్నీ, మకో అంటే మన కామంచి, షర్బతె బజూరీ, మాజూన్ దబీదుల్ వర్ద్, ఇవి నేనూ ఇస్తాను. ఆకలి పుట్టడానికి, వేడి, వికారం తగ్గడానికి ఉపయోగపడడం నేను చూశాను. మచ్చను కరిగిస్తాయని మాత్రం చెప్పను, అది రుజువు కాలేదు. మన నేల ఉసిరి కథ ఈ విషయంలో తెలుసుకోదగ్గది. 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్ బి ఉన్న 37 మందికి ఇచ్చి 22 మందిలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్‌లో ప్రకటించారు. ఆ వైరసును కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ పనిలో ఉన్నారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేవారు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. మద్రాసువారు చేసినదాంట్లో తప్పేమీ లేదు, పరీక్షకు నిలబెట్టారు. మూలిక వైద్యం చేసే మేమందరం చేయాల్సింది అదే. మూలిక అయితే హాని చేయదన్న మాటనూ వదులుకోవాలి. కరోనా కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడి కార్జం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో రాశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి అలాంటి 43 మంది వివరాలు వెలువడ్డాయి. నా మటుకు నేను కార్జం జబ్బు ఉన్నవారికి తిప్పతీగ ఇవ్వను. పేరు, తయారీదారు లేని పొట్లం మందులు, లోహాల కుశ్తాలు అసలే ఇవ్వను. తోటి హకీములు కొందరికి ఇది నచ్చదని తెలుసు.

పత్యం పేరుతో జరిగేది మరో అన్యాయం. పొట్టలో నీళ్లున్నవారికి ఉప్పు తగ్గించాలి, ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు మానాలి. అంతవరకు నిజం. కానీ పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు కూడా మాన్పించి గంజీ చారన్నమూ పెడితే, కార్జం పోయేలోపే కండలు పోతాయి. ఇప్పుడు వైద్యులు ఇలాంటివారికి మామూలు మనిషి కన్నా ఎక్కువ మాంసకృత్తులు తినమంటున్నారు, కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. పొద్దంతా ఉపవాసం వద్దు. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రెండు రొట్టెలో, పిడికెడు పుట్నాలో తినాలి. లేకపోతే తెల్లారేసరికి శరీరం తన కండనే తినేస్తుంది. రాత్రి షిఫ్టువారు నడుమ ఒకసారి తప్పక తినాలి.

చివరగా, చేయించుకోవాల్సిన పరీక్షలు. జీవితంలో ఒక్కసారైనా హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీ పరీక్షలు అందరూ చేయించుకోండి. రోజూ తాగేవారు, షుగరున్నవారు, ఇంట్లో ఎవరైనా కార్జం జబ్బుతో పోయినవారు ఎల్‌ఎఫ్‌టీతో పాటు ప్లేట్‌లెట్లు, పొట్ట సోనోగ్రఫీ కూడా. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు సర్కారు కేంద్రాల్లో ఉచితం. మన ఇందిరా గాంధీ ఆసుపత్రిలో అడిగితే దగ్గరి కేంద్రం ఎక్కడో చెబుతారు. ఒకరికి బి తేలితే భార్యాపిల్లలు, అన్నదమ్ములు, తల్లి అందరూ చూపించుకోవాలి. మాత్రలు మొదలుపెట్టినవారు ఒంట్లో బాగుందని సొంతంగా మానకండి, వైరసు ఒక్కసారిగా తిరగబడుతుంది. కాగితాలు పారేయకుండా ఒక సంచీలో పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత తీసిన కాగితం పాతదాని పక్కన పెట్టి చూస్తేనే మచ్చ పెరుగుతోందో, తరుగుతోందో తెలిసేది. వచ్చే వారం మూత్రంలో రాళ్ల గురించి.